అస్తరున్న సంచికి ప్రవేశం లేదు

లోపలి వస్తువులు బయటికి కనిపించే సంచులు మాత్రమే అనుమతించబడును, మిగతావి నిలిపివేయబడును, వదిలేసి వెళ్లినవి పారవేయబడును, అని స్టేడియం గోడమీది మైకు మళ్లీ మొదటికొచ్చింది, ఈ 'బడును'లన్నీ ఏ బడిలో నేర్పుతారో గాని అక్కడ చదివినవాళ్లందరికీ ఇక్కడే ఉద్యోగాలిచ్చినట్టున్నారు, అనుకున్నాడు సంచులాయన, ముందర క్యూ, వెనక క్యూ, మధ్యలో తనూ భార్యా, సెక్యూరిటీ అన్న మాటలోనే ఓ క్యూ పెట్టి కుట్టేశాక జనం నిలబడక ఏం చేస్తారు, ఎండ దిగిపోయినా ఇనుప కంచె ఇంకా చల్లారలేదు, చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది, ఆ చెయ్యి తీసి భుజానికున్న సంచిని సర్దుకున్నాడు, కొత్త చొక్కా వేసుకున్నవాడు కాలరు సర్దుకున్నట్టు, ఎందుకంటే అది ఆయన కుట్టిన సంచి, ఇంటిపేరు కరెంటు బిల్లుకే పరిమితమైపోయి వీధి వీధంతా సంచులాయన, సంచులాయన అని పిలిచే మనిషి కుట్టిన సంచి, దళసరి ప్లాస్టిక్ షీటు, చుట్టూ పైపింగ్, లాగితే గొణగని జిప్పు, ఈ షీటు కుట్టడం ఎంత తలనొప్పో ఈ మైకుకేం తెలుసు, మిషను పాదానికి బంకలా అతుక్కుంటుంది, కింద కాగితం పరిచి కుట్టి తర్వాత ఆ కాగితాన్ని చింపెయ్యాలి, గుడ్డమీద తప్పు కుడితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు, ప్లాస్టిక్ మీద సూది దిగితే చిల్లు చిల్లే, అంత జాగ్రత్తగా కుట్టిన సంచిలో సగానికి లోపలివైపు అస్తరు ఉంది, నీలం చుక్కల గుడ్డ, పైసగం అద్దంలా కనపడుతుంది, కిందిసగం గుడ్డ, ఆ కిందిసగం గురించే పొద్దుట్నించీ గుండెలో మిషను ఆడుతోంది, ఆగడం లేదు.

ముందున్నవాళ్ల సంచులు చూస్తూ నిలబడ్డాడు, చూడకుండా ఉండలేడు, డాక్టరుకి పెళ్లికి వెళ్లినా దగ్గేవాళ్లే కనిపిస్తారు, ఈయనకి ఏ గుంపులోకెళ్లినా మనుషులు కనపడరు, భుజాలూ పట్టీలూ జిప్పులూ కనిపిస్తాయి, ఆ తోలుసంచి అమ్మాయి పట్టీ ఇంకో వారంలో తెగుతుంది, ఆ కుర్రాడి వీపుసంచికి జిప్పు రన్నరు పోయి పిన్నీసు పెట్టుకున్నాడు, గేటు పక్కన పెద్ద నీలం డబ్బా, దాని చుట్టూ డబ్బాలో పట్టనివి, గొడుగులు, నీళ్ల సీసాలు, అత్తరు బుడ్లు, ఓ దువ్వెన, దువ్వెన ఏం పాపం చేసిందో, బోర్డు మీద పెద్దక్షరాల్లో పారదర్శక సంచులు అని రాశారు, పారదర్శకం అంటే ఇన్నాళ్లూ ఏదో అనుకున్నాడు, పారేస్తేనే దర్శనం అన్నమాట, పసిబిడ్డ తల్లి ఒకావిడ పాలసీసా పైకెత్తి చూపిస్తోంది, ఇదేమన్నా బాంబా అమ్మా అంటోంది, గ్లౌజులు తొడుక్కున్న అమ్మాయి, సెక్యూరిటీ పిల్ల, మా పాలసీ అంతే మేడమ్ అంటోంది, పాలసీసాకీ పాలసీయేనా అని నోటిదాకా వచ్చింది, పైకి అనేవాడే, పాతరోజుల్లో అయితే అనేసి పక్కకి తిరిగి భార్య మొహం చూసేవాడు, ఇప్పుడు పక్కకి తిరక్కుండానే మింగేశాడు, ఆ పక్కన ఒకాయన హెల్మెట్ ఎక్కడ పెట్టాలో తెలీక నెత్తిమీద పెట్టేసుకున్నాడు, "నెత్తిన పెట్టుకుంటే సంచి కాదు గదండీ" అని వాదిస్తున్నాడు, తీసెయ్యమంటే "తలకాయ కూడా లోపల ఏముందో కనపడదు, అదీ తీసి ఇవ్వనా" అన్నాడు, క్యూలో నవ్వులు, వెనకావిడ ఎవరో గట్టిగా నవ్వింది, ఈయన భార్య నవ్వలేదు, పెదాలు లోపలికి మడుచుకుని, కాలుమీద కాలు మెలేసి, కంచె పట్టుకుని ఎటో చూసింది, హెల్మెట్ ఆయన మీద సంచులాయనకి ఒళ్లు మండిపోయింది, ఏం నవ్వించడమయ్యా, సమయం సందర్భం లేకుండా.

ఆ మెలి ఆయనకి తెలుసు, ఇప్పుడు తెలుసు, అంతకుముందు తెలియదు, తెలియక ఎంత ఉడుక్కున్నాడు, ఆవిడ నవ్వంటే మామూలు నవ్వా, ముందు ఊపిరి లోపలికి లాగుతుంది, ఓ క్షణం ఏ చప్పుడూ ఉండదు, ఏమైందో అని కొత్తవాళ్లు కంగారుపడతారు, అప్పుడు పగులుతుంది, అటకమీంచి గిన్నెలన్నీ ఒక్కసారి దొర్లినట్టు, కొట్టు ఎక్కడా అని ఎవరైనా అడిగితే వీధి చివరనున్న మందులషాపువాడు, అలా నడుస్తూ వెళ్లండి, నవ్వు వినపడ్డచోట ఆగండి, అని చెప్పేవాడు, కొట్టుకి బోర్డు రాయించేటప్పుడు 'మీ బ్యాగోగులు మేం చూస్తాం' అని రాయమన్నాడీయన, నిచ్చెన పట్టుకున్న ఆవిడ అది చదివి, నవ్వి, నిచ్చెన వదిలేసింది, పెయింటరు బోర్డు పట్టుకుని గబ్బిలంలా వేలాడుతూ, ముందు నన్ను దించండమ్మా తర్వాత నవ్వుకోండి, అని ఏడ్చినంత పనిచేశాడు, 'గు' మీద ఆ గీత ఇప్పటికీ అలాగే వంకరగా ఉంటుంది, అలాంటి మనిషి నవ్వడం మానేసింది, ఒకేసారి కాదు, జిప్పు పళ్లు ఒక్కొక్కటే ఊడినట్టు, ఈయన ఏదన్నా అంటే పెదాలు మడుచుకోవడం, లేచి లోపలికెళ్లిపోవడం, ఇంకోసారి అంటే, ఊరుకోండి మీరు, అని నిజంగానే కసిరేయడం, ఊరుకుంటాడా, తన సరుకు పాతబడిందేమోనని కొత్తవి తయారుచేశాడు, రాత్రంతా ఆలోచించి పొద్దున్నే టీతో పాటు అందించాడు, టీ తీసుకునేది, రెండోది తీసుకునేది కాదు, ఇక నా మాటలకి నవ్వురాదు కాబోలు, నా మొహం చూసినా రాదు కాబోలు, అని మూతి ముడుచుకుని మిషను తొక్కేవాడు, ఇద్దరే ఉన్న కొట్లో మిషను చప్పుడు తప్ప ఇంకేం లేక ఎంత వెలితిగా ఉండేదంటే, బేరమాడే గయ్యాళులు వచ్చినా సంతోషించేవాడు.

పెళ్లిళ్లకి రాననేది, అక్కడ బాత్రూములు బాగుండవనేది, బాత్రూములు చూసి ఎవరన్నా పెళ్లికెళ్తారటే అని ఈయన విసుక్కునేవాడు, బస్సెక్కేరోజు పొద్దుట్నించీ నీళ్లు తాగేది కాదు, ఒకసారి కూతురింటికెళ్లి అక్కడ సోఫా అంచున కూర్చుంది, వెనక్కి ఆనుకో అమ్మా అంటే, బానే ఉంది ఇలా, అంది, ఇవన్నీ ఈయన కళ్లముందే జరిగాయి, చూసిన కళ్లకి అర్థం కాలేదు, అర్థమైంది ఎప్పుడంటే అస్తరుగుడ్డల అలమారలో అడుగునున్న తాను లాగినప్పుడు, తానుతో పాటు ఓ ప్యాకెట్టు కిందపడింది, దానిమీద తెల్లజుట్టు బొమ్మావిడ ఎవరో హాయిగా నవ్వుతోంది, పెద్దవారి కోసం, రోజంతా నిశ్చింత, అని రాసుంది, ముందు ఏమిటా అనుకున్నాడు, తర్వాత కూలబడ్డాడు, పెళ్లిళ్లు, సోఫా, బస్సు, పెదాలు, కాలుమీద కాలు, అన్నీ వరసలో వచ్చి కుట్టుకున్నాయి, ఓసినీ, నా జోకులు బాగోలేక కాదన్నమాట, బాగుండబట్టే, అని ఓ క్షణం పిచ్చి సంతోషం కలిగింది, ఆ వెంటనే ఆ సంతోషం మీద అసహ్యం వేసింది, ప్యాకెట్టుని ఉన్నచోటే, ఉన్నవైపే తిప్పి పెట్టేశాడు, కానీ పైనున్న గుడ్డతాను మడత మాత్రం మారిపోయింది, మర్నాటికి ప్యాకెట్టు ఆ అలమారలో లేదు, అంటే తనకి తెలిసిందని ఆవిడకి తెలిసింది, ఆవిడకి తెలిసిందని తనకి తెలిసింది, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని భోంచేశారు, ఉప్పు అందుకోండి అంది ఆవిడ, అందుకున్నాడు ఈయన, అంతే, ఆ మాట ఈరోజు వరకూ ఇద్దరి మధ్యా మాటగా పుట్టలేదు.

మైకు మళ్లీ అనుమతించబడును అంది, క్యూ ఓ అడుగు జరిగింది, ఓ అడుగు జరగడానికి ఓ యుగం, లోపల ఎవడో డ్రమ్ము సరిచూసుకుంటున్నాడు, ఢమ్, ఆగి, ఢమ్ ఢమ్, ఆ ఢమ్ వినగానే ఆవిడ మెడ సాగింది, మొహంలో ఏదో వెలిగింది, ఇవాళ లోపల పాడబోయే ఆ ముసలి గాయకుడంటే ఆవిడకి ప్రాణం, పదో తరగతినుంచీ ప్రాణం, ఇదే నా ఆఖరి కచేరి అంటూ వాడు చేస్తున్న ఆఖరి కచేరీల్లో ఇది ఎన్నోదో గాని, ఈసారి నిజంగానే ఆఖరేమోనని కూతురు టికెట్లు కొని ఫోన్లోకి పంపింది, పంపుతూ, "నాన్నా, అక్కడ బ్యాగులు చాలా స్ట్రిక్టు, లోపలున్నవన్నీ బయటికి కనపడాలట, అమ్మకి చెప్పు" అంది, చెప్పాడు, ఆవిడ కత్తెర కింద పెట్టి, "నేను రాలేనులే, మీరూ అదీ వెళ్లండి" అంది, ఏం, ఎందుకని, అని అడగలేదీయన, అడగక్కర్లేదు, ఇంతమంది మధ్య అద్దంలాంటి సంచి వేసుకుని అందులో ఆ బొమ్మావిడ నవ్వుతూ ఊరేగుతుంటే, అనామకంగా బతికే హక్కు ప్యాకెట్టుకి లేదా, ఎవడు పెట్టాడయ్యా ఈ రూలు, వాడికి దాచుకోవాల్సింది ఒక్కటీ లేదా, వాడికి అమ్మ లేదా, అత్త లేదా, ముక్కుపొడి డబ్బీ అన్నా లేదా, ఆ మధ్యాహ్నమే షీటు తెచ్చి కోశాడు, కుట్టాడు, కిందిసగానికి అస్తరు వేశాడు, అస్తరుకి ఓ అర కుట్టాడు, సరిగ్గా ఆ ప్యాకెట్టు కొలతకి, కొలవలేదు, ఒక్కసారి చేత్తో పట్టుకున్నాడు గదా, చాలు, "ఇదిగో, అలవాటుకొద్దీ అస్తరు వేసేశానే, చెయ్యి ఊరుకోలేదు" అని ఆవిడ ముందు పడేశాడు, సంచులవాడు మాత్రమే చెప్పగలిగిన అబద్ధం అది, అస్తరు లేని సంచి లాగు లేని చొక్కాలాంటిదని అందరికీ చెప్పే మనిషి కాబట్టి నమ్మడానికి వీలున్న అబద్ధం, ఆవిడ రెండు వేళ్లు అరలో పెట్టి లోతు చూసింది, పైకి తీసింది, "చూసుకోవద్దూ" అంది, అని ఇస్త్రీకి చీర తీసింది.

అంచేత ఈ అస్తరు గేటు దాటకపోతే సంచి ఒక్కటే వెనక్కి వెళ్లదు, ఆవిడా వెళ్తుంది, ఇంటికి, సోఫా అంచుకి, ఇంకెప్పుడూ ఎక్కడికీ రమ్మని అడగడానికి ఈయనకి మొహం ఉండదు, ఈయన కూడా పొద్దుట్నించీ నీళ్లు తాగలేదు, ఎందుకో తాగబుద్ధి కాలేదు, ఇదిగో వచ్చేసింది గేటు, బల్లమీద ఓ చెక్కచట్రం పెట్టారు, సంచి అందులో పట్టాలి, ఈయన సంచి దించి చట్రంలోకి జార్చాడు, సొరుగులోకి సొరుగు వెళ్లినట్టు వెళ్లింది, ఇటు గోరు దూరదు, అటు గోరు దూరదు, చూశావా అన్నట్టు తలెత్తాడు, గ్లౌజులమ్మాయి మెచ్చుకునేలానే చూసింది, తర్వాత తల పక్కకి వాల్చింది.

"సంచి ఓకే అంకుల్. లోపల ఈ గుడ్డేంటి?"

"అస్తరమ్మా."

"అంటే?"

"లైనింగు. ప్రతి సంచికీ ఉంటుంది. లేకపోతే నిలబడదు."

"లోపల ఏముందో కనపడట్లేదు కదా."

"పైసగం కనపడుతోందిగా."

"కిందిసగం అంకుల్."

"అస్తరు వేసింది అస్త్రాలు దాచుకోడానికి కాదమ్మా, నేను కుట్టేవాణ్ణేగాని కుట్రలు చేసేవాణ్ణి కాను" అన్నాడు, తన మాట తనకే దండగ్గా వినపడింది, అలవాటైన నోరు అలవాటైన పని చేసింది, అమ్మాయి నవ్వలేదు, ఇవాళ ఈయన మాటకి నవ్వని ఆడవాళ్లు ఇద్దరు, "తీసి చూపించండి" అంది గ్లౌజు చెయ్యి ముందుకి చాపి, అదొక్కటీ వద్దు, వేలు పెట్టకు తల్లీ, "రూలు సరిగా చదువుకో" అని గొంతు పెంచాడు, "సంచి ప్లాస్టిక్కుతో చెయ్యాలన్నారు, చేశాను, చట్రంలో పట్టాలన్నారు, పట్టింది, అస్తరు ఉండకూడదని ఎక్కడుంది, ఏ బోర్డుమీదుంది, ఆ మైకు ఎప్పుడన్నా అస్తరు మాట ఎత్తిందా, పొద్దుట్నించీ బడును బడును అని బాదుతోంది గదా, అస్తరు తీసివేయబడును అందా", మాటలు వస్తున్నాయి, ఆపడం ఈయన చేతుల్లో లేదు, చెప్పాల్సిన ఒక్క మాట తప్ప మిగతావన్నీ వస్తున్నాయి, షీటు మందం, దారం రకం, కొట్టు వయసు, వెనక క్యూలోంచి, "ఏంటండీ అక్కడ, మేమూ వెళ్లాలి", "పెద్దాయనా, పక్కకి జరిగి కొట్లాడుకోండి", వాకీటాకీ పట్టుకుని ఓ సూపర్‌వైజరు వచ్చాడు, ఆ యంత్రం వాడి చేతిలో గుర్రుగుర్రుమంటోంది, "ఏంటి సార్ ప్రాబ్లం, మందులేమైనా ఉన్నాయా, మెడికల్ అయితే ఆ చివర కౌంటరు, జబ్బేంటో అక్కడ చెప్పి చీటీ తెచ్చుకోండి" అన్నాడు, బానే చెప్పాడు పాపం, మర్యాదగానే చెప్పాడు, అదే మండింది, జబ్బేంటో చెప్పాలా, ఏ జబ్బయ్యా, ఎవరికి జబ్బు, "మాకేం జబ్బుల్లేవు" అని అరిచాడు సంచులాయన, "మా ఇంట్లో అందరం రాయిలా ఉన్నాం, నీకేమన్నా ఉంటే నువ్వు తెచ్చుకో చీటీ."

"అయితే గుడ్డ కోసెయ్యండి సార్, సింపుల్" అన్నాడు వాకీటాకీ.

కోసెయ్యాలట, సింపులట, సింపులైతే నువ్వు కుట్టు చూద్దాం, అని ఊపిరి పీల్చుకుంటుండగా పక్కనుంచి, "ఇంక చాలు ఆపండి" అని వినపడింది, అయిపోయింది, ఇంటికి పదండి అంటుంది, ఆ మాట ఎలా అంటుందో కూడా ఈయన చెవికి ముందే తెలుసు, మెల్లగా, ఎవరిమీదా తప్పు లేనట్టు, కళ్లు మూసుకున్నాడు, జిప్పు లాగిన చప్పుడు, గొణగని జిప్పు కాబట్టి చిన్న నిట్టూర్పు అంత, కళ్లు తెరిచేసరికి ప్యాకెట్టు బల్లమీద ఉంది, బొమ్మావిడ వాకీటాకీని చూసి నవ్వుతోంది.

"ఇదమ్మా లోపలున్నది" అంటోంది భార్య, గ్లౌజులమ్మాయితో, కానీ క్యూ సగానికి వినపడేంత గట్టిగా, బేరం దగ్గర వాడే గొంతు అది, ఆ గొంతు విని ఎన్నాళ్లయింది, "దగ్గితే ఆగదు నాకు. తుమ్మితే ఆగదు. నవ్వితే అసలే ఆగదు. మధ్యలో మార్చుకోవాలి. అందుకని తెచ్చుకున్నా. ఈయనేమో నీకు చెప్పడు, నాకూ చెప్పడు, దానికో గది కట్టి తలుపు బిగించి తెచ్చాడు. చూశావుగా? ఇంకా ఏమన్నా విప్పి చూపించాలా?"

మైకు అనుమతించ అని మధ్యలో ఊపిరి తీసుకున్నట్టనిపించింది, వాకీటాకీ తన బూట్ల కేసి చూసుకున్నాడు, సంచులాయనకి చెవులు వేడెక్కాయి, భూమి చీలితే బావుండుననిపించింది, ఎవడన్నా పళ్లికిలిస్తే వాడి పళ్లు రాలగొట్టాలని వెనక్కి తిరిగాడు, ఎవరూ ఇకిలించలేదు, ఇందాక గట్టిగా నవ్విన వెనకావిడ మెడ ముందుకి చాపి ప్యాకెట్టు మీది అక్షరాలు చదువుతోంది.

"ఏ సైజు తెచ్చుకున్నారక్కా? నాకు దొరికేవి నడిస్తే జరిగిపోతున్నాయి, ఓవైపు అంచు ఉండనే ఉండదు."

"మీరు పట్టీవి వాడుతున్నారా? అవి వద్దు, దండగ. ఇవి చూడండి, పక్కన రబ్బరుంటుంది."

"ఏ షాపులో?"

"మా వీధి చివర మందులషాపులో. వాడు నల్లకవర్లో కట్టి దొంగసరుకులా ఇస్తాడు, అదొక్కటే విసుగు."

"మావాడు పేపర్లో చుడతాడక్కా, పైన ఇంకో పేపరు!"

ఇద్దరూ గేటు నడిమధ్యన నిలబడి పక్కరబ్బరు గురించి మాట్లాడేసుకుంటున్నారు, సంచులాయన నోరు తెరిచి చూస్తున్నాడు, ఇన్నాళ్లు ఉప్పు అందించుకుంటూ దాటేసిన మాటని ఈ పేరు తెలీని మనిషితో కూరగాయల రేటులా చెప్పేస్తోంది, చెప్పెయ్యవచ్చన్నమాట, అంత తేలికన్నమాట, నాకెందుకు చెప్పలేదే, నేనెప్పుడు అడిగాను గనక, గ్లౌజులమ్మాయి ప్యాకెట్టు తీసి రెండు చేతులతో ఆవిడకే ఇచ్చింది, "చేత్తో పట్టుకునేవాటికి రూలు లేదు ఆంటీ, వెళ్లండి" అంది, రూలు లేదట, చేత్తో పట్టుకుంటే రూలు లేదట, ఒక్కసారి చెప్పొచ్చు గదా ఆ మైకు, ఇన్ని 'బడును'ల మధ్య 'చేత్తో పట్టుకొనబడును' అని ఒక్క ముక్క, ఆవిడ ప్యాకెట్టు చంకలో పెట్టుకుని, వెనకావిడతో మాట్లాడుతూనే, వెనక్కి చూడకుండా, లోపలికి నడిచి వెళ్లిపోయింది, ఈయన సంచి తీసుకుని వెంటపడ్డాడు, గ్లౌజు చెయ్యి అడ్డం వచ్చింది.

"సంచి రాదంకుల్."

"ఇందులో ఏమీ లేదు గదమ్మా ఇప్పుడు! ఖాళీ!"

"గుడ్డ ఉందిగా."

ఖాళీ సంచికి కూడానా, గాలి దాచుకుంటానా నేను ఇందులో, అని అరవబోయి, అరిచే ఓపిక లేక, అస్తరు అంచు పట్టుకుని లాగాడు, పోతే పోయింది, పీకేస్తే సరి, రాలేదు, రెండు చేతులతో లాగాడు, నైలాన్ దారం, రెండు వరసల కుట్టు, పైన పైపింగ్, ఏ వెధవ కుట్టాడ్రా దీన్ని, ప్లాస్టిక్ సాగి తెల్లబడుతోంది గాని కుట్టు మాత్రం కదలడం లేదు, పళ్లతో పట్టుకున్నాడు, పన్ను కదిలింది, దారం కదల్లేదు, కొట్టుకొచ్చిన వాళ్లందరికీ ఏనుగు లాగినా ఊడదని చెప్పిన నోటితో ఆ కుట్టునే కొరుకుతున్నాడు, జనం చుట్టూ తిరిగి వెళ్లిపోతున్నారు, హెల్మెట్ ఆయన కూడా వెళ్లిపోతున్నాడు, హెల్మెట్ లేకుండా, లోపల్నుంచి ఒక్కసారి స్టేడియం అంతా ఊగిపోయే అరుపు, ఆ ముసలాడు వచ్చేసినట్టున్నాడు, ఛీ, అని సంచిని కంచె ముల్లుకి తగిలించేశాడు, అక్కడ అప్పటికే వేలాడుతున్న సంచుల పక్కన, గేటు దాటబోతూ ఒక్కసారి వెనక్కి చూశాడు, వాటన్నిటిలోకీ కుట్టు తనదే తిన్నగా ఉంది, ఆ విషయం ఎవరికన్నా చెప్పాలనిపించింది, చెప్పడానికి ఎవరూ లేరు, లోపలికి పరిగెత్తాడు.

మెట్లు, కాళ్లు, సారీ సారీ, ఎవరి మోకాలో, ఎవరి కాఫీయో, వరస నంబరు కనపడదు, అందరూ లేచి నిలబడితే నంబర్లెక్కడ కనపడతాయి, ఎంత తిట్టుకున్నా తరగని మెట్లు, అదిగో, ఆ చీర, కుర్చీలో అంచున కూర్చోలేదు, అసలు కూర్చోలేదు, వెనకావిడ తన సీటొదిలేసి వచ్చి పక్కనే నిలబడింది, ఇద్దరికీ మధ్య ఈయన సీటు ఖాళీగా ఉంది, అందులో ప్యాకెట్టు కూర్చుని కచేరి చూస్తోంది, "ఎక్కడికెళ్లారు, మొదలెట్టేశాడు" అని ప్యాకెట్టు తీసి ఈయన చేతుల్లో పెట్టేసింది ఆవిడ, "పట్టుకోండి, నాకు చప్పట్లకి చేతులు కావాలి", పట్టుకున్నాడు, ఎలా పట్టుకోవాలో తెలియలేదు, బొమ్మవైపు లోపలికి తిప్పుకున్నాడు, జేబురుమాలు కోసం తడుముకున్నాడు, రుమాలు దీన్నెక్కడ కప్పుతుంది, వేదిక మీద ఆ ముసలాడు వణికే చెయ్యి ఎత్తి మొదటి మాట అందుకున్నాడు, గొంతు కూడా వణికింది, జనం ఆ మాట పూర్తిచేశారు, డ్రమ్ము పడింది, అందరూ గెంతారు, ఆవిడ కూడా గెంతింది, ఈయన గుండె ఆగింది, ఆగు, ఆగవే, అనబోయాడు, మళ్లీ గెంతింది, చీర కుచ్చిళ్లు ఓ చేత్తో పట్టుకుని, రెండోచెయ్యి గాల్లోకి విసిరి, ఊపిరి లోపలికి లాగి, ఓ క్షణం ఏ చప్పుడూ లేక, ఆ వెంటనే గిన్నెలన్నీ దొర్లాయి, డ్రమ్ముని మించి వినపడింది ఈయనకి, ఏమవుతుందో అవుతోంది, అయ్యేదేదో అయ్యాక మార్చుకోడానికి ఇదిగో ఉండనే ఉంది ప్యాకెట్టు, ఇంతకీ ఎందుకు నవ్విందో, ఎవరేమన్నారో, తనయితే ఏమీ అనలేదే, ఏమీ అనకుండానే వచ్చిందా నవ్వు, అని తల తిరిగిపోతుండగా ఆవిడ ఈయన మణికట్టు పట్టుకుని, ఎత్తండీ, అందరూ ఎత్తుతుంటే మీరొక్కరే బొమ్మలా నిలబడతారేం, అని పైకి లేపేసింది, మణికట్టుతో పాటు ప్యాకెట్టూ లేచింది, బొమ్మ ఎటు తిరిగిందో చూసుకునే వ్యవధి లేదు.

"సార్, ఆ ప్యాకెట్టు దించండి సార్, స్టేజీ కనపడ్డం లేదు!" అన్నారెవరో వెనకనుంచి.

"దించనయ్యా" అన్నాడు సంచులాయన, వెనక్కి తిరక్కుండానే, "కనపడకపోతే నువ్వూ గెంతు."